జెఫర్సన్ బల్ల మీద బోర్డో సీసా

బోర్డో అనగానే వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది మైలుతుత్తం, సున్నం కలిపి తోటలకు కొట్టే బోర్డో మిశ్రమం. ఆ మందు పుట్టింది ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లోనే, 1880లలో. అంతకు వందేళ్ల ముందే ఆ తోటలు చూసొచ్చి అక్కడి వైన్‌లకు మార్కులు వేసిన పరదేశి ఒకాయన ఉన్నారు. అమెరికా స్వాతంత్య్ర ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్.

1743లో వర్జీనియాలో పుట్టిన జెఫర్సన్ 1784లో అమెరికా ప్రతినిధిగా ఫ్రాన్స్ వెళ్లారు. 1787లో విరిగిన మణికట్టుకు ఊటనీళ్ల వైద్యం చేయించుకోవాలని దక్షిణాదికి ప్రయాణం కట్టారు. దారి పొడవునా తోటలు చూడటం, ధరలు అడగటం, రాసుకోవడం. బుర్గుండీ ప్రాంతంలో ఆయన కూలీల తిండి కూడా గమనించారు. ఎర్ర వైన్ చేసే వోల్నే, పొమ్మార్ ఊళ్లలో కూలీలకు గోధుమ రొట్టె. పక్కనే తెల్ల వైన్ చేసే మర్సోలో ముతక రై రొట్టె. ఎందుకని అడిగితే, తెల్ల వైన్ తరచూ పాడై అమ్ముడుపోక మిగిలిపోతుందని, అందుకే రైతు కూలీకి మంచి తిండి పెట్టలేడని చెప్పారట.

మే నెలలో బోర్డో చేరారు. షాటో మార్గో, లాటూర్, ఓబ్రియాన్, లాఫిట్... ఈ నాలుగూ మొదటి రకమని రాసుకున్నారు. మొదటి మూడూ నాలుగేళ్లు నిల్వ ఉంటేగానీ పూర్తి రుచికి రావు, లాఫిట్ కాస్త తేలిక కాబట్టి మూడేళ్లు చాలు అన్నది ఆయన లెక్క. అప్పట్లో 1783 పంట వైన్ టన్ను 2,000 లీవ్ర్‌లు పలికితే, అంతకన్నా చిన్నదైన 1784 పంట 2,400 పలికింది. అంటే వయసొక్కటే చాలదు, ఏ ఏటి పంట అన్నది కూడా చూడాలన్నమాట. తర్వాత 1855లో ఫ్రాన్స్ అధికారికంగా ర్యాంకులు ఇచ్చినప్పుడు మెడోక్, గ్రావ్ ఎర్ర వైన్‌లలో మొదటి వరుసలో నిలిచినవీ ఈ నాలుగే.

వ్యాపారులు కల్తీ చేస్తారని ఆయనకు అనుమానం. అందుకే తోటలోనే సీసాల్లో నింపించి తెప్పించుకునేవారు. అమెరికాలో ఆ రోజుల్లో మదీరా, పోర్టు లాంటి ఘాటు వైన్‌లదే రాజ్యం. తేలిక వైనే మేలని జెఫర్సన్ మిత్రులతో వాదించేవారు. రుచి గురించి మాట్లాడుకోవాలంటే మాటలు కుదరాలి కదా! 1819లో ఒక ఉత్తరంలో తీపి, పులుపు, డ్రై, పట్టులాంటిది, వగరు అంటూ ఒక్కోదానికీ అర్థం విడమరిచారు. పట్టులాంటిది అంటే డ్రై వైన్‌లో నాలుకకు తెలిసీ తెలియనంత తీపి అట. 1817లో మిత్రుడు మన్రో అధ్యక్షుడైతే, ఆయనకు రాసిన ఉత్తరంలో అభినందనలు పక్కనపెట్టి ఏ వైన్లు తెప్పించుకోవాలో చెప్పారు.

తాను అధ్యక్షుడిగా ఉన్న 1801-1809 మధ్య వైన్‌కే పది వేల డాలర్లకు పైగా ఖర్చయింది. మాంటిసెల్లోలోని సొంత ఇంట్లో భోజనాలయ్యాక బల్లగుడ్డ తీసేసి వైన్ పెట్టేవారు. పొయ్యిగూటికి రెండు పక్కలా చిన్న లిఫ్టులు దాచి కట్టించారు. కింద నేలమాళిగలోంచి సీసాలు వాటిలో పైకి వచ్చేవి. కింద ఆ సీసాలు అందించే మనిషి అతిథులకు కనిపించేవాడు కాదు.

ఆ మనుషులు బానిసలు. అందరూ సమానమని రాసిన జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. వారిలో ఎడిత్ ఫాసెట్ ఒకరు. 1802లో, పదిహేనేళ్ల వయసులో, ఆమెను వాషింగ్టన్‌లోని అధ్యక్ష భవనానికి తీసుకెళ్లి ఫ్రెంచి వంట నేర్పించారు. ఫ్రెంచి వంటమాస్టరుకు నెలకు 25 డాలర్ల జీతం. ఆమెకు జీతం లేదు, ఇనాముగా 2 డాలర్లు. భర్త జో కమ్మరి, మాంటిసెల్లోలోనే ఉండిపోయారు. 1806లో ఆమెను చూడాలని చెప్పాపెట్టకుండా వాషింగ్టన్ వెళితే పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఇంటివాళ్లను ఊళ్లో వదిలి వచ్చిన వారికి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే జోకు సెలవు అడిగే హక్కు కూడా లేదు.

జెఫర్సన్ 1826 జులై 4న, స్వాతంత్య్ర ప్రకటనకు సరిగ్గా యాభయ్యేళ్లు నిండిన రోజున కన్నుమూశారు. అప్పు లక్ష డాలర్లకు పైనే. మామగారి నుంచి వచ్చిన బాకీలు, మిత్రుడికి పెట్టిన హామీ, ఎడతెగని అతిథి మర్యాదలు... అన్నీ కలిశాయి. ఆ అప్పు కింద 1827 జనవరిలో సుమారు 130 మంది బానిసలను వేలానికి పెట్టారు. వీలునామా పుణ్యమా అని జోకు ఆ ఏడు జులైలో స్వేచ్ఛ రావాల్సి ఉంది. ఎడిత్‌కు, పిల్లలకు అదీ లేదు. ఆరు నెలల ముందే వేలంలో అమ్ముడుపోయారు. పిల్లలు తలో ఇంటికి చేరారు.

జో మాత్రం వదల్లేదు. కొలిమి పని చేస్తూ, అయినవాళ్ల సాయంతో ఏళ్ల తరబడి కష్టపడి భార్యను, పిల్లల్లో కొందరిని విడిపించుకున్నారు. 1837లో వారికి స్వేచ్ఛా పత్రాలు రాసిచ్చారు. తర్వాత కుటుంబాన్ని తీసుకుని, బానిసత్వం లేని ఒహాయో రాష్ట్రానికి వెళ్లిపోయారు.