గొర్రెలు పోయాయి.. పళ్లే నిలబెట్టాయి

బీడీఎస్‌ చదివే ఎవరినైనా క్లాస్‌-3 అంటే ఏంటని అడగండి. కింది దవడ ముందుకొచ్చి, కింది పళ్లు పైపళ్లను దాటి ఉండటమని టక్కున చెప్పేస్తారు. ఆ పేరు పెట్టిన మనిషి ఎడ్వర్డ్‌ హార్ట్‌లీ యాంగిల్‌. పళ్లకు క్లిప్పులు వేసే పనిని ఓ ప్రత్యేక వృత్తిగా నిలబెట్టింది ప్రధానంగా ఆయనే.

1855లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. 1878లో డెంటల్‌ డిగ్రీ చేతికొచ్చింది, ప్రాక్టీసూ పెట్టారు. ఇంతలో ఊపిరితిత్తుల జబ్బు. గాలి మారితే నయమవుతుందని పడమటికి వెళ్లి, మోంటానాలో సోదరుడితో కలిసి గొర్రెలు పెంచారు. మంచు తుపానుకు మంద చచ్చిపోయింది. చేసేది లేక మినియాపొలిస్‌ చేరి మళ్లీ పళ్ల డాక్టరయ్యారు.

అప్పట్లో వంకరపళ్లు సరిచేయడం ఎవరికీ పూర్తిస్థాయి పని కాదు. పళ్లు పీకడం, సిమెంటు పెట్టడంలోనే రోజువారీ ఆదాయం ఉండేది. 1892లో యాంగిల్‌ వాటన్నిటినీ వదిలేసి, ఇకపై ఎగుడుదిగుడు పళ్లే చూస్తానన్నారు. అంతకుముందే ఓసారి మంద పోయి చేతులు కాలిన మనిషి! ఈ ధైర్యం మామూలుది కాదు.

ఒక్కో డాక్టరు ఒక్కో పేరుతో చెప్పుకునే లోపాలకు 1899లో ఆయన లెక్క కట్టారు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక ఓ పెద్ద దవడపన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అదీ పాలపన్నేనని చాలామంది తల్లిదండ్రులు పొరబడుతుంటారు. అదే ఆయనకు కొలబద్ద. పైదీ కిందిదీ సరిగ్గా కలిసి, మిగతా పళ్లు వంకరగా ఉంటే క్లాస్‌-1. కిందిది వెనక్కుంటే 2, ముందుకుంటే 3. అంతే! వందేళ్లు దాటినా పరీక్షల్లో ఇదే అడుగుతున్నారు.

క్లాస్‌-3 చాలాసార్లు చిన్నతనంలోనే మొదలవుతుందని, త్వరగా చూడాలని ఆయన గట్టిగా చెప్పారు. ఆ మాట నిలిచింది. పాలపళ్ల వయసులో కింది వరస ముందుకొస్తే కారణాలు రకరకాలు. ముందుపళ్లు అడ్డుపడి పిల్లాడే దవడను ముందుకు జరుపుతుండొచ్చు. పైదవడ ఎదగకపోవచ్చు. లేదా కిందిదే పొడవు కావచ్చు, ఇది వంశంలో వచ్చేదీ ఉంటుంది. పైదవడ వెనకబడితే, ఎముకల అతుకులు ఇంకా బిగుసుకోని చిన్నవయసులో మొహానికి పెట్టే పరికరంతో ముందుకు లాగడం తేలిక. కింది దవడ మాత్రం టీనేజ్‌ చివరిదాకా పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఒకసారి సరిచేసి వదిలేస్తే సరిపోదు.

కాలేజీల్లో పాఠాలు చెప్పినా ఈ సబ్జెక్టుకు అక్కడ తగిన చోటు దొరకలేదు. దాంతో 1900లో సెయింట్‌ లూయిస్‌లో సొంత బడి తెరిచారు. అప్పటికే డిగ్రీ ఉన్న డెంటిస్టులకు కొన్ని వారాల కోర్సు. ఆయన సెక్రటరీగా చేరిన అన్నా హాప్కిన్స్‌ కూడా డెంటల్‌ చదివి ఇదే వృత్తిలోకి వచ్చారు, తర్వాత ఆయన్నే పెళ్లాడారు. డెబ్బయ్యేళ్ల వయసులో, కాలిఫోర్నియాలో ఉండగా, దీర్ఘచతురస్రపు గాడిలో తీగ బిగించే క్లిప్పును రూపొందించారు. ఇవాళ్టి క్లిప్పులకు మూలం అదే.

అయితే మొండి మనిషి. పన్ను పీకడమే తప్పన్నారు, కాదన్నవాళ్లతో గొడవపడ్డారు. ఆయన పోయాక శిష్యుడు చార్లెస్‌ ట్వీడ్‌ కొన్ని కేసుల్లో పళ్లు తీసి మంచి ఫలితాలు చూపించారు. ఇంకో లోటు, ఆయన లెక్కంతా పళ్లను చూసి కట్టిందే. లోపల తప్పు పైదవడదా, కిందిదా అన్నది దాన్నిబట్టి తెలియదు.

1930 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. శిష్యులు ఆయన పేరుతో ఓ పత్రిక పెట్టారు. తలను ఒకేలా నిలిపి ఎక్స్‌రే తీసి, పిల్లల దవడలు ఏటేటా ఎంత పెరుగుతున్నాయో కొలిచే పద్ధతి 1931లో అందులోనే అచ్చయింది. రాసింది హాలీ బ్రాడ్‌బెంట్‌. ఆయనా యాంగిల్‌ బడిలో చదివినవారే.