తేలిక తుపాకి, తిరుగులేని గురి: జిమ్ కార్బెట్ జీవితం

మైత్రీబాగ్‌లో తెల్లపులిని చూస్తూ పెరిగే మన భిలాయి పిల్లలకు పులి అంటే భయం కన్నా ముచ్చటే ఎక్కువ. నూరేళ్ళ కిందట హిమాలయాల ఒడిలోని కుమావూన్ కొండల్లో అలా ఉండేది కాదు. నరభక్షక పులి తిరుగుతోందని తెలిస్తే ఊళ్ళకు ఊళ్ళే తలుపులు బిగించుకునేవి. కోతకొచ్చిన పైరు పొలంలోనే ఉండిపోయేది. ఆ భయాన్ని తీర్చినవాడు, ఆ తర్వాత పులుల పక్షానే నిలబడినవాడు జిమ్ కార్బెట్. నేషనల్ పార్కు పేరుగా ఆయన పేరు మీరు జి.కె. పుస్తకంలో చదివే ఉంటారు. రేంజిలో తుపాకి పట్టే మన ఎన్.సి.సి. క్యాడెట్లు ఆయన జీవితం నుంచి నేర్చుకోవలసినది ఇంకొకటి ఉంది. తుపాకిని ఎలా ఎంచుకోవాలి, ఎందుకు అలా ఎంచుకోవాలి అన్నదే అది.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25న నైనిటాల్‌లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి పోస్ట్‌మాస్టరు. జిమ్‌కు ఆరేళ్ళయినా నిండకముందే ఆయన పోయాడు. ఇంటినిండా పిల్లలు, రాబడి తక్కువ. తల్లి మేరీ జేన్ ఒంటిచేత్తో సంసారం ఈదింది. వేసవిలో నైనిటాల్, చలికాలంలో కొండ దిగువన కాలాఢుంగీ, ఇదీ వాళ్ళ జీవితం. కాలాఢుంగీ ఇంటి చుట్టూ అడవి. జిమ్‌కు అసలు బడి అదే. ఏ పిట్ట ఎందుకు అరిచింది, ఇసుక మీద అడుగు ఎంతసేపటి కిందటిది, గాలి ఎటు వీస్తోంది అన్నవన్నీ అతను అక్కడే చదువుకున్నాడు.

ఆయుధాలు కూడా మెట్టు మెట్టుగానే చేతికి వచ్చాయి. ముందు ఉండేలు. తర్వాత విల్లు. ఆ తర్వాత ఒక బంధువు ఇచ్చిన పాత రెండు గొట్టాల నాటు తుపాకి. దాని కుడి గొట్టం పగిలిపోయి ఉంది, కర్రను ఇత్తడి తీగతో చుట్టి నిలబెట్టారు. పనికొచ్చేది ఒక్క గొట్టమే, పైగా ప్రతిసారీ మందు కూరాలి. ఒక దెబ్బ తప్పితే రెండో దెబ్బకు అవకాశమే లేదు. కాబట్టి దగ్గరికి వెళ్ళడం, ఆగడం, నిశ్చయమయ్యాకే ట్రిగ్గర్ నొక్కడం అతనికి చిన్నప్పుడే అలవాటయ్యాయి.

పదేళ్ళ వయసులో అతను స్కూలు క్యాడెట్ దళంలో చేరాడు. వాళ్ళకిచ్చిన తుపాకి పాయింట్ 450 మార్టిని. సైనికుల భుజాలనే కమిలించే తన్ను దానిది. ఒకసారి పెద్ద సైనికాధికారి తనిఖీకి వచ్చినప్పుడు గురి పరీక్షకు ఎంపికైన పిల్లల్లో జిమ్ కూడా ఉన్నాడు. భయంతో చేతులు వణికాయి. ఆ అధికారి వచ్చి అతని పక్కనే నేల మీద పడుకుని, తొందర వద్దని ధైర్యం చెప్పాడు. ఆ మాటతో కుదురుకున్న పిల్లవాడు పరీక్ష గట్టెక్కాడు. తర్వాత దళం సార్జెంట్ మేజర్ అతనికి ఒక రైఫిల్‌ను, తూటాలను అరువిచ్చాడు. షరతులు రెండే: తుపాకి శుభ్రంగా ఉంచాలి, పేల్చిన తూటాల ఖాళీ తొడుగులు లెక్కగా తిరిగి ఇవ్వాలి. మన రేంజిలో ఫైరింగ్ అయ్యాక ఉస్తాదులు ఖోఖాలు లెక్కపెట్టించి మరీ తీసుకోవడం క్యాడెట్లకు తెలిసిందే. ఆ పద్ధతి అంత పాతది.

పద్దెనిమిదేళ్ళు నిండుతుండగా ఇంటి అవసరాల కోసం జిమ్ రైల్వే కొలువులో చేరాడు. తర్వాత గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో ఒక రైలు నుంచి మరో రైలుకు సరుకు మార్పించే కాంట్రాక్టు తీసుకుని ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే గడిపాడు. కూలీలతో కలిసి తానూ బొగ్గు ఎత్తాడు. పులుల వేట ఆయన ఉద్యోగం కాదు. ఎక్కడైనా నరభక్షక పులి జనాన్ని చంపుతోందని కబురొస్తే సెలవు పెట్టి వెళ్ళేవాడు. బహుమతి డబ్బు కోసం వేటాడే వాళ్ళలో తనను లెక్కించవద్దని ముందే చెప్పేవాడు.

1907లో వచ్చిన కబురు చంపావత్ ఆడపులిది. నేపాల్‌లో 200 మందిని, కుమావూన్‌లో 236 మందిని చంపింది. తహసీల్దారు సాయంతో దాదాపు 300 మంది ఊరివాళ్ళు కొండ మీద నిలబడి డప్పులు కొట్టి, కేకలు వేసి పులిని తోలారు. కార్బెట్ దగ్గర ఉన్నది బరువైన పాయింట్ 500 రెండు గొట్టాల రైఫిల్, మూడంటే మూడు తూటాలు. మూడూ పేల్చాడు. పులి గాయపడింది కాని పడలేదు. పరుగెత్తి వెళ్ళి తహసీల్దారు చేతిలోని తుపాకి తెచ్చాడు. అదేమో పాతది, గొట్టానికీ వెనక భాగానికీ మధ్య సందు కనిపిస్తోంది. ఆరు మీటర్ల దూరం నుంచి తెరిచిన నోటికి గురిపెడితే గుండు పోయి ముందుకాలి పంజాకు తగిలింది! అప్పటికే పులి తగిలిన గాయాలతో కొనప్రాణంతో ఉంది కాబట్టి కార్బెట్ బతికి బయటపడ్డాడు.

ఆ పులిని పరీక్షిస్తే అసలు కథ బయటపడింది. కుడివైపు కోరలు రెండూ విరిగిపోయి ఉన్నాయి. పైది సగానికి, కిందిది ఎముక దాకా. ఎప్పుడో ఎవరో పేల్చిన తుపాకి దెబ్బ అది. ఆ కోరలతో జింకను పట్టలేక ఆ పులి మనుషుల మీద పడింది. పేల్చినవాడు తప్పిపోయిందనుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు. దాని ఖరీదు 436 ప్రాణాలు. సరైన గురి అంటే పతకం కోసమో గొప్ప కోసమో కాదని కార్బెట్‌కు ఆ రోజే అర్థమైంది. తుపాకి ఎత్తినవాడికి అది బాధ్యత.

ఈ సాహసానికి మెచ్చి సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ఆయనకు ఒక రైఫిల్ బహూకరించాడు. లండన్‌లోని రిగ్బీ కంపెనీ చేసిన పాయింట్ 275 బోల్ట్ యాక్షన్ రైఫిల్. కర్ర మీద చిన్న వెండి రేకు. రెండు గొట్టాల పెద్ద రైఫిళ్ళు నాలుగున్నర, అయిదు కిలోలు తూగేవి. ఇది వాటి కన్నా కిలోకు పైగా తేలిక. గుండు చిన్నది, తన్ను తక్కువ, గురి మాత్రం పొల్లుపోదు. పిట్ట కొంచెం, కూత ఘనం.

బోల్ట్ యాక్షన్ అంటే మరేమీ కాదు, తలుపు గడియ పనిచేసే తీరే. పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ తొడుగు బయటికి దూకుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా గొట్టంలో బిగుసుకుంటుంది. కదిలే భాగాలు తక్కువ, బిగింపు ఎక్కువ. అందుకే గురి నిలకడగా ఉంటుంది. మన క్యాడెట్లు పేల్చే పాయింట్ 22 కూడా ఈ వంశానిదే. తేడా తూటాలో ఉంది. కార్బెట్ తూటాకు అడుగున నడిమధ్య మందుబిళ్ళ ఉంటుంది. పాయింట్ 22 తూటాకు ఆ మందు అడుగున ఉన్న అంచులోనే ఉంటుంది, సూది ఆ అంచు మీద కొడుతుంది. అందుకే దాన్ని రిమ్‌ఫైర్ అంటారు. గుండు బరువు రెండున్నర గ్రాములకు కాస్త పైన. తన్ను దాదాపు లేనట్టే. కొత్తగా నేర్చుకునేవాడు చప్పుడుకు, దెబ్బకు బెదిరి కళ్ళు మూసుకోకుండా గురి మీదే మనసు పెట్టగలడు.

రిగ్బీ రైఫిల్ విలువ రెండు సందర్భాల్లో తేలింది. మొదటిది రుద్రప్రయాగ. కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్ళే యాత్రికుల దారిలో ఒక చిరుత 1918 నుంచి ఎనిమిదేళ్ళలో 125 మందిని చంపింది. వారాల తరబడి వెంటాడి, చివరికి గులాబ్‌రాయ్ దగ్గర మామిడిచెట్టు మీద మంచె కట్టుకుని కార్బెట్ రాత్రులు జాగారం చేశాడు. 1926 మే నెల మొదట్లో ఒక రాత్రి కింద కట్టిన మేక మెడలో గంట మోగింది. రైఫిల్‌కు బిగించిన టార్చి వెలిగించి ఒకే ఒక్క గుండు పేల్చాడు. టార్చి ఆరిపోయింది. తెల్లవారాక చూస్తే చిరుత చచ్చి పడి ఉంది.

రెండోది 1930 ఏప్రిల్‌లో చౌగఢ్ ఆడపులి కథ. దానివల్ల చనిపోయినవాళ్ళు 64 మంది. ఆ సాయంత్రం కార్బెట్ కుడిచేతిలో రైఫిల్ ఉంది. ఎడమచేతిలో ఉన్నవి నైట్‌జార్ అనే రాత్రిపిట్ట గుడ్లు రెండు. పక్షుల గుడ్లు సేకరించే అలవాటుతో దారిలో తీసుకున్నాడు. ఒక పెద్ద బండ మలుపు తిరిగి వెనక్కి చూస్తే పులి రెండున్నర మీటర్ల దూరంలో పడుకుని తననే చూస్తోంది. తుపాకి మొన మరోవైపు ఉంది. చటుక్కున కదిలితే పులి దూకుతుంది. రెండో చేయి ఖాళీ లేదు. ఒక్క కుడిచేత్తోనే, గడియారం ముల్లు కదిలినంత మెల్లగా, తుపాకిని ముప్పాతిక వంతు గుండ్రంగా తిప్పి, చెయ్యి పూర్తిగా చాపి పేల్చాడు. రైఫిల్ తేలికైనది కాకపోతే ఆ పని జరిగేదే కాదని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. తిరిగి వెళుతూ ఆ గుడ్లను తీసినచోటే పెట్టాడు. అరగంట తర్వాత అటు వచ్చి చూస్తే తల్లిపిట్ట వాటి మీద పొదుగుతూ ఉంది.

అలాగని తేలిక తుపాకి ప్రతి పనికీ గొప్పదనుకోకూడదు. ఒకేచోట పడుకుని కాల్చే పోటీలో బరువే నిలకడ ఇస్తుంది. ఒలింపిక్స్ 50 మీటర్ల పోటీలో రైఫిల్ 8 కిలోల దాకా ఉండవచ్చు. కొండలెక్కి రోజంతా మోయాలంటే లెక్క వేరు. మన ఎన్.సి.సి.లో పాయింట్ 22 డీలక్స్ రైఫిల్ దాదాపు 2.8 కిలోలు, పాత నంబర్ 2 రైఫిల్ 3.9 కిలోలకు దగ్గర. ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతికి ఆ కిలో తేడా చాలా పెద్దది. కాబట్టి అడగవలసిన ప్రశ్నలు ఇవి: చేతులు వణకకుండా ఎంతసేపు పట్టగలను? కర్ర భుజానికి సరిగ్గా ఆనుతోందా, మెడ సాగదీయకుండా సైటు కనిపిస్తోందా? ట్రిగ్గర్ మెత్తగా, ఒకే తీరుగా కదులుతోందా? అయిదు గుండ్లు ఒకే గురితో పేలిస్తే ఎంత చిన్న వృత్తంలో పడుతున్నాయి? ఆ వృత్తం చిన్నదైతే అది నడిబొడ్డుకు పక్కన పడినా ఫరవాలేదు, సైటు సవరిస్తే సరిపోతుంది. చెదిరితే మాత్రం తప్పు తుపాకిదా, చేతిదా, ఊపిరిదా అని ఓపికగా వెతకాలి. కంపెనీ పేరు, మెరుపు, పెద్ద చప్పుడు ఈ ప్రశ్నల్లో ఎక్కడా లేవు. ఇదంతా ఉస్తాద్ సమక్షంలో, రేంజిలో మాత్రమే. పని అయ్యాక తుపాకి కోత్‌కు వెళ్ళిపోవాలి.

కార్బెట్ నడివయసు దాటాక తుపాకి కన్నా కెమెరానే ఎక్కువగా ఎత్తాడు. మనుషుల జోలికి రాని పులిని సరదాకు చంపడం ఆయనకు రోత పుట్టించింది. వాగు ఒడ్డున గంటల తరబడి దాక్కుని పులులను సినిమా తీశాడు. 1936లో మన దేశపు మొదటి నేషనల్ పార్కు ఏర్పడటంలో ఆయన కృషి ఉంది. కాలాఢుంగీ దగ్గర ఛోటీ హల్ద్వానీ ఊరిని కొని రైతులను నిలబెట్టాడు, పంటలను అడవిపందుల నుంచి కాపాడటానికి ఊరి చుట్టూ రాతిగోడ కట్టించాడు. 1944లో అచ్చయిన కుమావూన్ నరభక్షకుల పుస్తకం ఆయనకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. పల్లె ప్రజల మీద ప్రేమతో 1952లో మై ఇండియా రాశాడు.

1947 చివర్లో అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్ళిపోయాడు. న్యేరీలో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ ఒకప్పుడు ఉన్న ఇంట్లోనే నివసించి, 1955 ఏప్రిల్ 19న కన్నుమూశాడు. రెండేళ్ళకు మన ప్రభుత్వం పార్కుకు ఆయన పేరు పెట్టింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది కూడా అక్కడే. రిగ్బీ రైఫిల్ ఆయన పుస్తకాలు వేసిన ప్రచురణ సంస్థకు చేరి, 2015లో తిరిగి దాన్ని తయారుచేసిన కంపెనీ చేతికే వచ్చింది.

క్యాడెట్లూ, రేపు మీరు రేంజిలో పడుకుని కాగితపు గురి వైపు చూసేటప్పుడు చంపావత్ పులి విరిగిన కోరలు గుర్తుంచుకోండి. గుండు గొట్టం దాటాక మన మాట వినదు. అది దాటకముందే చేయవలసినదంతా చేయాలి: మోయగలిగిన తుపాకి, శుభ్రమైన గొట్టం, కుదురైన ఊపిరి, నిశ్చయం లేనప్పుడు ట్రిగ్గర్ మీది నుంచి వేలు తీసేసే నిగ్రహం.