లీడ్స్ నగర శిల్పి
రాజధాని లండనుకు దూరంగా ఉంటూనే ఇంగ్లాండు వాస్తు చరిత్రలో సుస్థిర స్థానం పొందిన శిల్పి కత్‌బర్ట్ బ్రాడ్రిక్. అతడు 1821లో హల్ రేవుపట్టణంలో జన్మించాడు. స్థానిక వాస్తుశిల్పి లాక్‌వుడ్ వద్ద శిష్యరికం చేసి, ఫ్రాన్సు, ఇటలీ దేశాలలో పర్యటించి ప్రసిద్ధ కట్టడాలను పరిశీలించాడు.

ఉన్ని పరిశ్రమతో సంపన్నమైన లీడ్స్ నగరం పురభవన నిర్మాణానికి 1852లో నమూనాల పోటీ ప్రకటించింది. ముప్పై ఏళ్లు దాటీ దాటని బ్రాడ్రిక్ నమూనా ప్రథమ బహుమతి పొందింది. ఇంతటి భారాన్ని ఈ యువకుడు వహించగలడా అని పురప్రముఖులు సందేహించారు. పార్లమెంటు భవన శిల్పి చార్లెస్ బారీ అతని సామర్థ్యానికి హామీ ఇచ్చాడు. భవనంపై గోపురం ప్రజాధనానికి చేటని కొందరు, నగర గౌరవానికి చిహ్నమని మరికొందరు వాదించారు. చివరకు 1856లో గోపురానికి అనుమతి లభించింది. 1858లో విక్టోరియా రాణి పురభవనాన్ని ప్రారంభించింది.

అనంతరం అతడు లీడ్స్‌లో అండాకారపు ధాన్య విపణి భవనాన్ని, స్కార్‌బరో సముద్రతీరాన గ్రాండ్ హోటలును నిర్మించాడు. లండను ప్రభుత్వ కార్యాలయాల పోటీలో మాత్రం విజయం దక్కలేదు. యాభై ఏళ్లు నిండకముందే లీడ్స్‌ను విడిచి ఫ్రాన్సుకు తరలిపోయాడు. 1905లో జెర్సీ ద్వీపంలో కన్నుమూశాడు.

ఒకనాడు దుబారాగా తోచిన ఆ గోపురమే నేడు లీడ్స్ నగరానికి ఆనవాలు. యౌవనంలోని ప్రతిభను నమ్మిన సమాజం పొందే ఫలం అటువంటిది.