మహావీరాచార్యుడు – కళాసవర్ణము

భారతీయ గణితశాస్త్ర చరిత్రలో బ్రహ్మగుప్తునికి తరువాత, భాస్కరాచార్యునికి పూర్వము దక్షిణాపథమున వెలసిన గణితవేత్తలలో మహావీరాచార్యుడు అగ్రగణ్యుడు. ఈయన క్రీ.శ. 9వ శతాబ్దికి చెందిన దిగంబర జైనుడు. క్రీ.శ. 814లో సింహాసనమెక్కి సుమారు 878 వరకు పాలించిన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమువాడు. జినసేనుడు, శాకటాయనుడు మొదలైన విద్వాంసులు వర్ధిల్లిన కాలమది. నృపతుంగుని రాజధానియైన మాన్యఖేటము నేటి కర్ణాటకలోని మల్ఖేడ్.

మహావీరుని జీవితమునకు ఆయన రచించిన గణితసారసంగ్రహమే ప్రధానాధారము. క్రీ.శ. 850 ప్రాంతమున సంస్కృత పద్యములలో వెలువడిన ఈ గ్రంథము తొమ్మిది ప్రకరణములు గలది. గ్రంథారంభమున జినేంద్రుని, నృపతుంగుని స్తుతించి, లౌకిక వైదిక వ్యవహారములన్నిటికిని గణితమే ఆధారమని ఆయన ప్రతిపాదించాడు. సిద్ధాంత గ్రంథములవలె గ్రహగణనకు అంగముగా గాక గణితమును స్వతంత్రశాస్త్రముగా బోధించడమే ఆయన జీవితకార్యము.

ఆ బోధనాదృష్టి భిన్నముల ప్రకరణమున స్పష్టమవుతుంది. పూర్ణాంకముల సామాన్యమైన కూడికను, తీసివేతను మహావీరుడు ప్రత్యేకముగా బోధించలేదు. పరికర్మలలో సంకలిత వ్యుత్కలితములను శ్రేఢీగణితమునకే వినియోగించాడు. భిన్నముల కూడిక తీసివేతలకు మాత్రము విస్తృతమైన చోటిచ్చాడు. విద్యార్థి తడబడే స్థానము ఇదేనని ఆయన గుర్తించినట్లు భావించవచ్చును.

ఈ ప్రకరణమునకు కళాసవర్ణమని పేరు. కళ యనగా భాగము; సవర్ణమనగా ఒకే జాతికి చెందినది. భిన్నజాతి భాగములను ఒకే హారమునకు తెచ్చిన తరువాతనే కలుపుటగాని తీసివేయుటగాని సాధ్యమనే సూత్రము ఆ పేరులోనే ఉన్నది.

హారములన్నిటిని పరస్పరము గుణించి సవర్ణము చేయుట బ్రహ్మగుప్తాదుల పద్ధతి. మహావీరుడు నిరుద్ధమును ప్రవేశపెట్టాడు. హారములలోని సామాన్య గుణకములను, వాటితో భాగించగా మిగిలిన లబ్ధములను గుణించగా వచ్చునది నిరుద్ధము. నేటి కనిష్ఠ సామాన్య గుణిజము ఇదియే. ఉదాహరణకు 5/12, 7/18, 1/30 అను భిన్నములను కలపవలెనన్నచో హారముల లబ్ధము 6480. వాటి నిరుద్ధము 180 మాత్రమే. నిరుద్ధమును ఒక్కొక్క హారముతో భాగించి, వచ్చిన సంఖ్యతో దాని అంశను గుణించిన 75, 70, 6 లభించును. మొత్తము 151/180.

భిన్నములను భాగ, ప్రభాగ, భాగభాగ, భాగానుబంధ, భాగాపవాహ, భాగమాతృ అని ఆరు జాతులుగా ఆయన విభజించాడు. ఇందులో అనుబంధము చేర్చుటకు, అపవాహము తొలగించుటకు సంబంధించినవి. సగమునకు మూడవవంతును కలిపిన 5/6. సగమునకు ఆ సగములోనే మూడవవంతును కలిపిన 2/3. అట్లే సగమునుండి మూడవవంతును తీసివేసిన 1/6. ఆ సగములోనే మూడవవంతును తీసివేసిన 1/3. ఈ భేదమును తెలియక లెక్క తప్పే విద్యార్థికి జాతివిభాగము రక్ష. మొదటి ఐదు జాతుల మిశ్రమముల వల్ల ఏర్పడే భాగమాతృ భేదములు 26.

ఒకటిని కోరినన్ని ఏకాంశ భిన్నముల మొత్తముగా విడదీసే సూత్రమును కూడ మహావీరుడు చెప్పాడు. ఆ ప్రకారము నాలుగు భాగములకు 1/2, 1/3, 1/9, 1/18 వచ్చును. శూన్యముతో భాగించిన సంఖ్య మారదని ఆయన చెప్పినది నేటి గణితమునకు సమ్మతము కాదు. అయినను భిన్నగణితమున ఆయన నిలిపిన మార్గము చెదరలేదు.

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు చేసి, జైనపరమైన అంశముల స్థానమున శైవపరమైనవి చేర్చాడు. మతము మారినను గణితము మారలేదు. ఎం. రంగాచార్య పరిష్కరించి ఆంగ్లానువాదముతో సిద్ధపరచిన సంస్కృత మూలము 1912లో మద్రాసున ముద్రితమైనది. నేడు పాఠశాలలో క.సా.గు. కట్టి భిన్నములను కలిపే ప్రతి విద్యార్థియు మహావీరుడు నిర్దేశించిన నిరుద్ధమార్గముననే నడుచుచున్నాడు.