కక్కయ్య కథ ఎవరు చెప్పాలి?

పోతులూరి వీరబ్రహ్మాన్ని మనం జోస్యం చెప్పిన మనిషిగా కుదించుకున్నాం. లోకంలో ఏ వింత జరిగినా కాలజ్ఞానంలో వెతుకుతాం. నాకు ఆయన మొదట పాటగాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో తంబుర, తాళాలు, మద్దెలతో తెల్లవార్లూ పాడే భజన బృందాల నోట నేను విన్న బ్రహ్మం కులాన్ని నిలదీసిన తత్వకర్త.

ఆయన జీవితంలో చరిత్రకు దొరికేది తక్కువ, సంప్రదాయం చెప్పేది ఎక్కువ. 17వ శతాబ్దపు మనిషి. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారంటారు. తర్వాత కందిమల్లయపల్లె చేరి, వడ్రంగం చేసుకుంటూ, గోవిందమ్మతో సంసారం సాగిస్తూనే బోధ చేశారు. ఆ ఊరే నేటి బ్రహ్మంగారి మఠం. 1693లో సజీవ సమాధి పొందారని భక్తుల లెక్క.

ఆయన విశ్వబ్రాహ్మణుడు. ఆ కులానికి వైదిక కర్మలు జరుపుకొనే హక్కు ఉందా లేదా అన్న తగాదా 19వ శతాబ్దం ఆరంభంలో చిత్తూరు అదాలతు దాకా వెళ్లింది. తన కులాన్ని ఒక మెట్టు పైకి జరుపుకొని ఊరుకునే వీలు బ్రహ్మానికి ఉండేది. ఊరుకోలేదు. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా స్వీకరించారు. నవాబు దాకా ఫిర్యాదు వెళ్లినా సిద్ధయ్య గురువును విడవలేదు. ఎన్నో తత్వాలు ఆ శిష్యుణ్ని పిలుస్తూ సాగుతాయి. సమాధి వేళ అతన్ని పూల కోసం బనగానపల్లెకు పంపారని, తిరిగొచ్చి విలపిస్తే దర్శనమిచ్చి దండకమండలాలు, పాదుకలు అందించారని కథ. చిహ్నాలు శిష్యుడికి దక్కాయి. పీఠం మాత్రం గురువు వంశంలోనే సాగింది. సిద్ధయ్య సమాధి ముడుమాలలో వేరుగా ఉంది. ఈ ఎడం గురించి భక్తులు పెద్దగా మాట్లాడరు.

మాదిగ కక్కయ్య కథ ఇంకా ఇబ్బందికరం. దేహంలోనే దేవతలున్నారన్న బోధ విని, నిజమేమిటో చూడాలని భార్య దేహాన్ని చీల్చాడట. ఏమీ కనిపించక గురువు మీద మండిపడితే, ఆయన ఆమెను బతికించి ఇతన్ని శిష్యుణ్ని చేసుకున్నారట. దూదేకుల శిష్యుడికి జ్ఞానం, మాదిగ శిష్యుడికి మూఢత్వం, హింస. ఈ పంపకం బ్రహ్మం చేసినది కాదని, కథ చెప్పినవారి కులదృష్టి అందులో చేరిందని నా అభిప్రాయం. అయినా శిష్యుల్లో గురువు మాటకు రుజువు అడిగినవాడు కక్కయ్యే. ఆ రుజువు కోసం ప్రాణం పోగొట్టుకున్న స్త్రీ మనసు ఏమన్నదో ఏ కథకుడూ అడగలేదు.

1956లో అమెరికాలో నల్లజాతి రచయిత ఓటిస్ బ్లాక్‌వెల్ రాసిన ‘డోంట్ బీ క్రూయల్’ పాటకు గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పేరు కూడా రచయితగా చేరింది. తొలినాటి రాక్ అండ్ రోల్ చరిత్రలో అది మామూలు విషయమే. మన తత్వాల సంగతి తలకిందులు. రచయిత పేరు భద్రం. తరతరాలుగా పాటను మోసి, రాగం మార్చి, చరణాలు చేర్చిన బృందాల పేర్లు మిగల్లేదు. బ్రహ్మం పాట ఈనాటికీ బతికి ఉందంటే అందులో సగం వాళ్ల రచనే. వాళ్లలో దళితులు, దూదేకులవారు, బోయలు ఉన్నారు.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయ విద్యార్థులు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కళాశాలల పిల్లలు ఒక పని చేయవచ్చు. మాదిగవాడల్లో తంబుర పట్టే పెద్దల దగ్గర కూర్చుని, కక్కయ్యను వాళ్లు ఎలా చెప్పుకుంటారో పేర్లతో సహా రాసుకురావాలి.