దత్త మండలాల ఒప్పందం కుదిర్చినోడు.. కోఠీలో మేడ కట్టించినోడు

గ్రూప్స్‌కి చదివేవాళ్ల నోట్సులో 1800 అక్టోబరు 12 అనే తేదీ తప్పకుండా ఉంటుంది. నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన రోజది. అనంతపురం, కడప, బళ్లారి, నేటి కర్నూలు జిల్లాలో కొంత భాగం ఆ ఒక్క ఒప్పందంతో చేతులు మారాయి. మనం తేదీ బట్టీ పడతాం, వెల్లెస్లీ పేరు గుర్తుపెట్టుకుంటాం. హైదరాబాద్‌లో కూర్చుని ఆ బేరం కుదిర్చిన మనిషి పేరు మాత్రం అంతగా వినపడదు. అతని పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. కోచింగ్‌కని హైదరాబాద్ వెళ్లి, పాత పుస్తకాల కోసం కోఠీ ఫుట్‌పాత్‌ల మీద తిరిగిన మన జిల్లా పిల్లలు అతను కట్టించిన మేడ ప్రహరీ పక్క నుంచే నడిచి ఉంటారు.

కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. తండ్రి కంపెనీ సైన్యంలో కల్నల్. చదువు కోసం చిన్నప్పుడే ఇంగ్లండు పంపారు. 1779లో, పదిహేనేళ్లకే, మద్రాసు సైన్యంలో క్యాడెట్‌గా తిరిగొచ్చాడు. ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా చెప్పుకోదగ్గ ప్రమోషన్ లేదు, పేరు లేదు. 1795లో హైదరాబాద్ చేరడానికి కారణం సవతి అన్న విలియం. అతను అప్పటికే నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటు, అంటే ఇప్పటి రాయబారి లాంటివాడు. సిఫారసు ఉద్యోగమే, అందులో దాచేదేమీ లేదు. కానీ 1797లో అన్న జబ్బుపడి వెళ్లిపోయాక ఆ కుర్చీ తమ్ముడికి నిలిచింది మాత్రం సిఫారసుతో కాదు. పారశీకం, హిందుస్తానీ బాగా వచ్చు. దర్బారు మర్యాదలు తెలుసు. హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు. నిజాం అలీ ఖాన్ అతనికి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. దుబాసీ మీద ఆధారపడే దొర వినలేని మాటలు ఇతని చెవిన పడేవి.

మొదటి పెద్ద పరీక్ష 1798లో వచ్చింది. నిజాం కొలువులో ఫ్రెంచి అధికారుల చేతికింద పదివేలకు పైగా సైన్యం ఉండేది. కంపెనీకి అది కంట్లో నలుసు. సెప్టెంబరులో నిజాంతో ఒప్పందం, అక్టోబరులో ఆ సైన్యం రద్దు. పెద్దగా రక్తపాతం లేకుండానే పని ముగిసింది. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దృష్టిలో కిర్క్‌పాట్రిక్ ఒక్కసారిగా ఎత్తుకు పోయాడు.

ఇక మన సంగతి. టిప్పు సుల్తాన్‌తో 1792, 1799 యుద్ధాల్లో కంపెనీకి తోడున్నందుకు నిజాముకి వాటాగా భూములొచ్చాయి. గుత్తి, అనంతపురం ప్రాంతం అందులోదే. అయితే నిజాం రక్షణకని హైదరాబాద్‌లో పెట్టిన కంపెనీ సైన్యానికి జీతాలెవరివ్వాలి? నిజామే. ఏటేటా నగదు ఇచ్చే బదులు ఆ వచ్చిన భూములనే శాశ్వతంగా రాసిచ్చేయమన్నారు. ఆ సంతకమే 1800 ఒప్పందం. 1799లో చేతికొచ్చిన నేల ఏడాదిన్నర తిరక్కుండానే నిజాం చెయ్యి దాటిపోయింది. ఇక్కడి రైతుని అడిగినవాళ్లెవరూ లేరు. దౌత్యం అంటే ఎంత మృదువుగా మాట్లాడినా, లెక్క మాత్రం కంపెనీదే.

ఒప్పందం వెనకాలే ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో అనంతపురం వచ్చాడు. పాళెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి, రైత్వారీ పద్ధతిలో పన్ను కట్టించాడు. వానే గతి అయిన మెట్ట నేలల మీద ఆ శిస్తు ఎంత బరువో ఆయనకే అర్థమై, 1807లో వెళ్లేటప్పుడు నాలుగో వంతు తగ్గించమని రాశాడు. అప్పుడు పైవాళ్లు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక గానీ అది జరగలేదు. ఎవరో ఇచ్చేసిన నేల అని ధ్వనించే దత్త మండలం అన్న పేరును వదిలించుకుని రాయలసీమ అనిపించుకోవడానికి మనకు 1928 నంద్యాల సభ దాకా పట్టింది.

ఒప్పందం కుదిరిన రోజుల్లోనే కిర్క్‌పాట్రిక్ ఉద్యోగం అంచు మీద నిలబడింది. దర్బారు ప్రముఖుడు మీర్ ఆలమ్ బంధువుల అమ్మాయి ఖైరున్నిసాను ప్రేమించి, ఇస్లాం స్వీకరించి, ముస్లిం పద్ధతిలో పెళ్లి చేసుకున్నాడు. పైఅధికారులకు మొదట నిజం చెప్పలేదు. సంగతి పొక్కింది. 1801లో మద్రాసులో తెలిసిన అధికారులను పిలిచి, ప్రమాణం చేయించి, రహస్యంగా విచారించారు. కొలువు దక్కింది. కానీ ఆ తర్వాత వెల్లెస్లీ దగ్గర పాత నమ్మకం లేదు, వెల్లెస్లీ యుద్ధపు దూకుడు మీద ఇతనికీ పాత ఉత్సాహం లేదు.

ఆ అనిశ్చితిలోనే మేడ మొదలుపెట్టాడు. రెసిడెన్సీకి అరవై ఎకరాల చోటు అడుగుతూ పెద్ద నక్షా పరిస్తే, తన రాజ్యమంత ఉందే అని నిజాం కాదన్నాడట. అదే నక్షాను చిన్న కార్డు మీద గీయించి చూపిస్తే సరే అన్నాడట. అప్పట్లో చెప్పుకున్న కథ ఇది. ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లు నవ్వుకోవచ్చు.. అడిగింది అదే, చూపించిన తీరు వేరు!

1803లో పని మొదలైంది. నమూనా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన యువ లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఖర్చు నిజాం ఖజానాది. పాత గ్రీకు, రోమన్ గుళ్ల పోలికలో నిలువెత్తు స్తంభాలు, పైన త్రికోణపు ముఖభాగం, విశాలమైన మెట్లు, రెండు రాతి సింహాలు. ఆ రోజుల్లో ప్రపంచమంతా ఇదే ఫ్యాషన్. స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్ అరన్‌హ్వేస్ తోటల్లో ఈ పద్ధతిలోనే విహార మందిరం కట్టించుకున్నాడు. అమెరికా వైట్‌హౌస్‌లోకి అధ్యక్షుడు మొదట అడుగుపెట్టింది మన ఒప్పందం తర్వాతి నెలలోనే. కోఠీ మేడ తేడా అంతా వెనక ఉంది. మొగల్ తరహా తోట, అందులో బేగం కోసం రంగ్ మహల్. పరదాలో ఉండే బేగం భవనం ముందువైపు చూడలేదు కాబట్టి ఆమె కోసం తోటలో చిన్న నమూనా మేడ కట్టించాడని చెబుతారు. ఆ బుల్లి మేడ ఇప్పటికీ ఉంది.

పూర్తయిన మేడను అతను చూడలేదు. 1805లో నాలుగేళ్ల కొడుకునీ మూడేళ్ల కూతురినీ చదువు కోసం ఇంగ్లండు ఓడ ఎక్కించారు. బయలుదేరేముందు మద్రాసులో చిత్రకారుడు జార్జి చినరీ వాళ్ల బొమ్మ వేశాడు. కొత్త గవర్నర్ జనరల్‌ని కలవడానికి కలకత్తా వెళ్లిన కిర్క్‌పాట్రిక్ ఆ అక్టోబరు 15న అక్కడే జబ్బుతో చనిపోయాడు. వయసు 41. ఖైరున్నిసా ఆ తర్వాత కొన్నేళ్లు మచిలీపట్నంలో ప్రవాసంలా గడిపి, 1813లో కన్నుమూసింది. పిల్లల్ని మళ్లీ చూడలేదు. కిట్టీగా పేరు మారిన కూతురు పెద్దయ్యాక ఇంగ్లండులో ఒకరింట్లో గోడ మీద ఆ చిన్ననాటి బొమ్మ చూసి ఏడ్చేసిందట. అమ్మమ్మ షరఫున్నిసా బతికే ఉందని తెలిసి ఉత్తరాలు రాసింది. పారశీకంలో జవాబులొచ్చాయి. ఇద్దరూ కలుసుకోలేకపోయారు.

మేడ మాత్రం చాలా చూసింది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో జనం దాని మీదికి దండెత్తారు. మూడేళ్లకు ఒక రెసిడెంటు రంగ్ మహల్ తనకు నచ్చక కూల్పించాడు. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో, ఉస్మానియా మహిళా కళాశాల ఆ ప్రాంగణంలోకి మారింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. ఏళ్ల తరబడి దర్బారు హాలు చుట్టూ క్లాసులు నడిచాయి, మెట్ల పక్క సింహాల దగ్గర కూర్చుని అమ్మాయిలు పరీక్షలకు చదువుకున్నారు.