రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (మే 13, 1857 - సెప్టెంబరు 16, 1932) బ్రిటిషు వైద్యుడు, శాస్త్రవేత్త. మలేరియా వ్యాప్తికి దోమలే కారణమని చూపే కీలకమైన ఆధారాన్ని 1897లో సికింద్రాబాదులో కనుగొన్నాడు. ఈ కృషికి 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. రోగవ్యాప్తిని గణితంతో వివరించిన తొలితరం వారిలో ప్రముఖుడు.

బాల్యము, విద్య

ఇతడు నేటి ఉత్తరాఖండ్‌లోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైన్యంలో ఉన్నతాధికారి. ఎనిమిదవ ఏట ఇంగ్లండుకు పంపబడ్డాడు. సాహిత్యం, చిత్రలేఖనాలపై మక్కువ ఉన్నప్పటికీ తండ్రి కోరిక మేరకు లండనులో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు.

బెంగుళూరు అనుభవం

1883లో బెంగుళూరులోని తన బసలో దోమల బెడద అధికంగా ఉండేది. కిటికీ వద్దనున్న నీటితొట్టిలో దోమపిల్లలు పెరుగుతున్నాయని గమనించి తొట్టిని ఖాళీ చేయించగా దోమలు తగ్గాయి. తక్కిన తొట్లను తొలగించడానికి మాత్రం అక్కడి సైనికాధికారి అంగీకరించలేదు. కారణం తెలిసినంత మాత్రాన నివారణ జరగదని, దానికి జనుల సహకారం కావాలని ఈ సంఘటన తెలుపుతుంది.

సికింద్రాబాదు పరిశోధన

దోమలకు, మలేరియాకు సంబంధం ఉండవచ్చునన్న పాట్రిక్ మాన్సన్ ఊహ 1894లో రాస్‌ను ఆకర్షించింది. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని మచ్చల రెక్కల దోమలచేత కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున అతనికి ప్రతిఫలమిచ్చాడు. ఆగస్టు 20న అటువంటి దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, రోగం దోమకాటు ద్వారానే సంక్రమిస్తుందని నిరూపించాడు. అదే కాలంలో ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీ బృందం మనుషులలో మలేరియాను అనాఫిలిస్ దోమలు వ్యాపింపజేస్తాయని చూపింది. ఈ ఘనత ఎవరిదన్న విషయమై ఇరువురికీ తీవ్ర వివాదం నడిచింది.

రోగవ్యాప్తి గణితము

దోమలన్నిటినీ చంపనక్కరలేదని, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తగ్గిస్తే మలేరియా క్రమంగా అంతరిస్తుందని రాస్ లెక్కగట్టాడు. ఫ్లూ వంటి అంటురోగాల అంచనాలకు కూడా ఇటువంటి గణితమే ఆధారం. భారతదేశంలో ఫ్లూ సాధారణంగా జనవరి-మార్చి మధ్య ఒకసారి, వర్షాకాలంలోను ఆ తరువాతా మరొకసారి హెచ్చుతుంది. తేమ, ఇళ్లలో ఇరుకు, జనుల రాకపోకలు ఊరూరికీ వేరుగా ఉంటాయి. కనుక జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో జ్వరాల తీరును అంచనా వేయాలన్నా స్థానిక పరిస్థితులను లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

చివరి రోజులు

1911లో సర్ బిరుదు పొందిన రాస్ 1932లో లండనులో మరణించాడు. ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. ఇతడు పరిశోధన చేసిన భవనం హైదరాబాదులోని బేగంపేటలో ఉన్నది.